మొసెలాంచా నల్ల తొడుగు

మొసెలాంచా అంటే కుక్కతోక. గిట్టనివాళ్ళు తగిలించిన ఎగతాళి పేరు కాదు, కన్నతల్లి కోరి పెట్టుకున్న పేరు. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలు ఏడాది నిండకుండానే పోయారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టగానే, మన దగ్గర పెంటయ్య, పెంటమ్మ అని పెట్టుకున్నట్టే, లెసోతో దేశపు కొండల్లో కుక్కతోక అని పెట్టేశారు. అంత నీచమైన పేరున్నదాన్ని మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుంది, వాసన చూసి వదిలేసి పోతుందని నమ్మకం. ఆ నమ్మకం నలభై ఏళ్ళు నిలబడింది. నలభై ఒకటో ఏట ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ కనిపించింది.

ఆ భాగం క్లుప్తంగానే చెబుతాను. దాని గురించి ఎవరు సాగదీసినా మొసెలాంచాకి ఒళ్ళు మండుతుంది. పక్క దేశంలోని బ్లూమ్‌ఫోంటేన్‌లో రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు తీసేశారు, ఆర్నెల్లు మందు ఎక్కించారు, ఆ తర్వాత కిరణాలు పెట్టారు. మొత్తం పదిహేను నెలలు. ఆ పదిహేను నెలల్లో తన మంచం పక్కన కూర్చుని ముక్కు చీది వెళ్ళినవాళ్ళందరి పేర్లూ ఆమెకు కంఠతా వచ్చు. వాళ్ళలో ఒక్కరిని కూడా ఇంతవరకు క్షమించలేదు.

జబ్బుకి ముందు ఆమె పద్నాలుగేళ్ళు పైలట్. రోడ్డు లేని కొండ ఊళ్ళకు నర్సులనీ మందులనీ చేరవేసి, రోగులని రాజధాని మసేరుకి దించే చిన్న విమానాల సంస్థలో, నడిపేవాళ్ళు కూర్చునే ఎడమ సీటు ఆమెది. డాక్టర్ల బోర్డు ఆమె మళ్ళీ ఎగరొచ్చు అని కాగితం ఇచ్చింది. ఇక మిగిలిన గండం ఒక్కటే, చీఫ్ పైలట్ న్తాతే ఖెటిసి. న్తాతే అంటే అయ్య. అక్కడ పెద్దవాడైన ప్రతి మగవాడూ న్తాతేయే. ఒక రోజంతా పక్కన కూర్చుని ఐదు రన్‌వేల మీద ఆమె చేత దింపించి, ఎక్కించి, ఆయన సంతకం పెడితే ఎడమ సీటు మళ్ళీ ఆమెది. పెట్టకపోతే మసేరులో రేడియో గది. వాళ్ళూ వీళ్ళూ ఎక్కడున్నారో అడుగుతూ, గాలి ఎటు వీస్తోందో చెబుతూ బతకాలి. ఖెటిసి ముందుచూపున్న మనిషి కాబట్టి రేడియో గది కుర్చీకి అప్పుడే కొత్త దిండు కుట్టించి పెట్టాడు. ఆ దిండు కంటబడిన రోజు మొసెలాంచా ఇంటికి పోయి ముద్ద ముట్టలేదు.

పరీక్షకు ముందురోజు ఆమె ఇంకో పని చేసింది. మందుకి రాలిన జుట్టు మళ్ళీ వచ్చింది గాని, వచ్చింది ఆమెది కాదు. నెరిసి, మెత్తగా, పుట్టిన వారానికి గొర్రెపిల్ల ఒంటి మీదుండే బొచ్చులా వచ్చింది. అద్దంలో దాన్ని చూసినప్పుడల్లా ఎవరో ముసలమ్మ తన తలమీద కాపురం పెట్టినట్టు ఉండేది. కత్తి తీసుకుని నున్నగా గొరిగేసుకుంది. మేనత్త మాసెఫాలి గుమ్మంలో నిలబడి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తల గొరిగించుకుని కొండల్లోకి పోతే ఎవరు పోయారని అడుగుతారే. నల్ల పీలిక ఒక్కటే తక్కువ నీకు."

"అడగనీ అత్తా. ఎవరూ పోలేదని చెబుతాను."

నగరంలో సగం మంది అమ్మాయిలు సోకు కోసం గుండుతోనే తిరుగుతున్నారు, పట్టించుకునేవాడు లేడు. కొండల్లో అలా కాదు. ఇంట్లో చావు జరిగితేనే అక్కడ కత్తి పెడతారు, బట్టకి నల్ల పీలిక తగిలించుకుంటారు. ఆ సంగతి మొసెలాంచాకి తెలియక కాదు. తెలిసినా లెక్కచేసే స్థితిలో లేదు. పైగా తెల్లవారి యూనిఫాం వేసుకుంటూ, ఎడమ చేతికి మణికట్టు నుంచి భుజం దాకా బిగుతుగా పట్టే నల్ల తొడుగు ఎక్కించుకుంది. గ్రంథులు తీసేసిన చెయ్యి గాలి పలచబడే ఎత్తుకి పోతే వాస్తుంది, తొడుగు లేకుండా విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టరు షరతు. తొడుగులు దుకాణంలో రెండు రంగుల్లో ఉన్నాయట, చర్మం రంగు, నలుపు. దాచుకోవడానికేముంది అని ఆమె నలుపే కొన్నది. మేనత్త అన్న మాట అప్పుడు గుర్తుకొచ్చి ఉంటే ఈ కథ లేదు.

ఆ సంస్థలో మొదటి దైవం కాటా. మంత్రిగారైనా, మూటలైనా, పైలట్ అయినా దాని మీద నిలబడి తూగాల్సిందే. కొండల మీద గాలి పలచన, రన్‌వేలు పొట్టి, ఐదు కిలోలు ఎక్కువైతే విమానం లేవదు. మొసెలాంచా పాత కార్డు మీద డెబ్బై నాలుగు అని ఉంది. కాటా ఎక్కితే అరవై మూడు దగ్గర ముల్లు ఆగింది. ఆమె పాత అంకె తనే కొట్టేసి, కొత్తది రాసి, ఇంకో పదకొండు కిలోల మందుపెట్టె పడుతుంది, జబ్బు చేసిన మేలు ఇదొక్కటే అని నవ్వింది. ఖెటిసి నవ్వలేదు. తన వంతుగా ఎక్కాడు. నూట నాలుగు.

"విమానానికి భారం నా జబ్బు కాదు న్తాతే, మీ పొట్ట," అంది మొసెలాంచా.

దానికీ ఆయన నవ్వలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆమెకు కొండల్లో దిగడం నేర్పిన గురువు. ఒకప్పుడు ఆయన నవ్వితే హాంగర్ రేకులు అదిరేవి. రెండేళ్ళ క్రితం భార్య పోయింది, అదే జబ్బుతో, అదే ఆసుపత్రిలో. అప్పటి నుంచి మొసెలాంచా వైపు చూసినప్పుడల్లా ఆయన కళ్ళు ఆమె భుజం పక్కగా ఎటో పోయేవి. ఆ రోజు పొద్దున సంచిలోంచి ఒక ఉన్ని టోపీ తీసి, పైన చలిగా ఉంటుంది తల్లీ, పెట్టుకో అని అందించాడు. తన గుండు చూడలేక ఇస్తున్నాడనుకుంది ఆమె.

"మీకు చలేస్తే మీరు పెట్టుకోండి," అంది.

ఆయన టోపీని సీటు వెనక పెట్టాడు.

విమానం లేచింది. వసంతం అప్పుడే మొదలవుతోంది, కింద పీచు చెట్లు పూశాయి, నదుల ఒడ్డున ఇంకా మంచు గీతలున్నాయి. మొసెలాంచాకి అవేవీ కనబడలేదు. ఆమె లోకమంతా ఎడమ చెయ్యి అయి కూర్చుంది. పైలట్ ఎడమ చేత్తో విమానాన్ని ఎత్తి దింపే పిడి పట్టుకోవాలి, కుడి చేత్తో ఇంజను వేగం చూసుకోవాలి. ఆ రకం విమానానికి ముక్కు బరువు. దిగేటప్పుడు పిడిని కడుపులోకి లాక్కోకపోతే ముందుచక్రం నేలని పొడుస్తుంది. చెయ్యి సత్తువ తగ్గినవాళ్ళు పక్కనున్న ట్రిమ్ చక్రాన్ని తిప్పి ఆ బరువు తేలిక చేసుకుంటారు. మొదటి రన్‌వేకి వంపు తిరుగుతుండగా ఆమె కుడి చెయ్యి అలవాటు లేని ఆ చక్రం మీదికి పోయింది.

"అది ముసలాళ్ళ పద్ధతి. చేత్తో లాగు," అన్నాడు ఖెటిసి, ముందుకి చూస్తూనే.

లాగింది. మోచేయి దగ్గర నుంచి చంక దాకా నరం ఒకటి తీగలా సాగి మంటెత్తింది. పళ్ళ మధ్య గాలి పీల్చుకుంది తప్ప పిడి వదల్లేదు. చక్రాలు నేలని మెత్తగా తాకాయి. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశారని అడగడం తనకి చిన్నతనమనిపించి ఆమె అడగలేదు.

రెండో రన్‌వే దగ్గర గొర్రెల మంద తోలుకుపోతున్న ముసలాయన ఆమెను చూసి, గడ్డిటోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని, ఓర్చుకో తల్లీ అని నేల చూపులు చూశాడు. మూడో రన్‌వే దగ్గర టీకాల పెట్టెల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడారు. ఆమెను పెట్టె ఎత్తనివ్వలేదు. ఒకామె నల్ల తొడుగు మీద చెయ్యి వేసి నిమిరింది. నాలుగో చోటా అంతే. మొసెలాంచాకి కడుపు మండిపోయింది. రోడ్డు కూడా రాని ఈ కొండల మీదికి తన జబ్బు కబురు ముందే వచ్చి కూర్చుందా, ఇక్కడ కూడా జాలేనా అనుకుంది. నేను బాగానే ఉన్నాను అని ఆ ఆడవాళ్ళ మీద కసిరింది. వాళ్ళు పాపం, దుఃఖంలో ఉన్న మనిషి అలాగే మాట్లాడుతుందన్నట్టు తలలూపారు. ఖెటిసి ఇదంతా చూస్తూ, గాలి ఎక్కువవుతోంది పద అన్నాడు అంతే.

ఐదోది ఎక్కడని ఆలోచించే అవసరం లేకుండా రేడియో పలికింది. హా ట్సెకెలో అనే కొండ ఊరి క్లినిక్ నర్సు. పుట్టి ఆరు రోజులైన ఆడబిడ్డ, మూడు రోజులుగా విరోచనం లేదు, పొట్ట డోలులా ఉబ్బింది, తాగినదంతా పచ్చగా కక్కుతోంది. పేగు ముడిపడి ఉంటుంది, ఈ రోజే మసేరులో కోస్తే బతుకుతుంది అంది. మొసెలాంచా గడియారం చూసుకుంది. పన్నెండున్నర. హా ట్సెకెలో రన్‌వే మీద ఆ కాలంలో రెండు దాటితే గాలి అడ్డం తిరుగుతుంది. ఇక ఆ రోజుకి ఎవరూ అక్కడి నుంచి ఎగరలేరు.

ఆ రన్‌వే చూస్తే బుద్ధి ఉన్నవాడెవడూ దాన్ని రన్‌వే అనడు. కొండ చెక్కిలి మీద గీసిన ఏటవాలు గీత అది. కింది కొస లోయ అంచు, పై కొస బండరాళ్ళు. ఎత్తుకి ఎదురెక్కుతూ దిగాలి, పల్లానికి పరిగెత్తి లోయలోకి దూకుతూ లేవాలి. ఒకసారి దిగడానికి వంగాక మనసు మార్చుకునే వీలు లేదు. గాలి ఎడమ రెక్కని రెండుసార్లు కొట్టింది. రెండుసార్లూ ఆమె ఎడమ చేత్తోనే సరిచేసింది. చక్రాలు తగిలాక చూసుకుంటే పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది. ఖెటిసి ఈసారి ఏమీ రాసుకోలేదు.

గుర్రాల మీద దుప్పట్లు కప్పుకున్న మగవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. ముందు గుర్రం మీద బిడ్డ నాయనమ్మ మాకొపానో అవ్వ, దుప్పటి లోపల గుండెలకు అదిమి బిడ్డ. వెనక గుర్రం మీద కోడలు పులెంగ్, పదిహేడేళ్ళది, పచ్చి బాలింత, కళ్ళు తెరిచి ఉంచడమే కష్టంగా ఉంది. నర్సు వాళ్ళకంటే ముందే పరిగెత్తుకొచ్చి ఆక్సిజన్ సీసా విమానం పక్కన పెట్టింది. మొసెలాంచా తలుపు తెరిచి చేతులు చాచింది. ఇరవై అడుగుల దూరంలో అవ్వ గుర్రాన్ని ఆపేసింది. ఆమె చూపు మొసెలాంచా తల మీద ఆగి, అక్కడి నుంచి ఎడమ చేతి మీదికి దిగింది.

"ఎవరు పోయినారు తల్లా?" అని అడిగింది.

"ఎవరూ పోలేదు అవ్వా. బిడ్డని ఇవ్వండి, టైము లేదు."

"తలకి కత్తి పడింది. చేతికి నల్లగుడ్డ ఉంది. ఎవరూ పోలేదంటే నేను నమ్మాల్నా? ఇద్దరు మనవలని ఈ చేతుల్తోనే మట్టిలో పెట్టినాను. మూడోదాన్ని సావుమైల చేతికి ఇచ్చేదాన్ని కాదు."

మొసెలాంచాకి అప్పుడు వెలిగింది. టోపీ తీసిన ముసలాయన, గొంతు తగ్గించిన ఆడవాళ్ళు, తొడుగు నిమిరిన చెయ్యి. అది తన జబ్బు మీద జాలి కాదు. తనవాళ్ళెవరో పోయిన మనిషికి చేసే మర్యాద. పొద్దున్నుంచి కసిరింది ఆ మర్యాద మీద. ఖెటిసి ఇచ్చిన ఉన్ని టోపీ ఎందుకో కూడా అప్పుడే అర్థమై ఆయన వైపు తిరిగింది. ముందే తెలిసి నోరు విప్పలేదా అన్నట్టు చూసింది. ఆయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, తను నడుపుతానన్నాడు. నువ్వు విమానానికి దూరంగా ఉంటే అవ్వ ఒప్పుకుంటుంది, రేపు వచ్చి నిన్ను ఎక్కించుకుంటాను, బిడ్డ ప్రాణం ముందు, మిగతా సంగతి తర్వాత అన్నాడు. ఆయన చెప్పింది న్యాయం. అదే వచ్చిన చిక్కు.

"తర్వాత అంటే?" అంది.

"మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష పెడతాను. అప్పటిదాకా రేడియో గది. అదేం నరకం కాదు తల్లీ. మా ఆవిడ పోయినప్పుడు నల్ల పీలిక తగిలించుకుని నేనూ ఆర్నెల్లు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. కొండవాళ్ళతో వాదించలేం."

"మీ ఆవిడ పోయింది న్తాతే. నేను పోలేదు."

ఖెటిసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మాట ఎక్కడ తగిలిందో ఆమెకు తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. ఆయన పోయినదాని కోసం కూర్చున్నాడు, పోనిదాని కోసం తనెందుకు కూర్చోవాలి? ఐదు నిమిషాలు ఇవ్వండి, అవ్వ ఒప్పుకోకపోతే మీరే నడపండి, నేనిక్కడే బండమీద కూర్చుంటాను అని చెప్పి, గుర్రం వైపు నడిచింది. పది అడుగుల ఇవతలే ఆగింది. మగవాళ్ళకు వీపు పెట్టి నిలబడి, ఆ గాలిలో చొక్కా గుండీలు విప్పింది.

"పోయింది ఇది అవ్వా. ఎడమది. బ్లూమ్‌ఫోంటేన్‌లో కోసేశారు, ఎక్కడ పడేశారో కూడా నాకు చెప్పలేదు. చేతికున్నది నల్లగుడ్డ కాదు, మందు. ఇది లేకపోతే చెయ్యి గుమ్మడికాయలా వాస్తుంది. తల నేనే గొరుక్కున్నాను, ఆ జుట్టు నాకు నచ్చలేదు. నాకు దుఃఖం లేదు, రోగం లేదు. విమానం నడపడం వచ్చు."

అవ్వ గుర్రం దిగింది. బిడ్డని పులెంగ్ ఒడిలో పెట్టి, మొసెలాంచా ఎదురుగా వచ్చి నిలబడి, ఆ మచ్చని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, బజారులో గొర్రెని చూసినంత శ్రద్ధగా చూసింది.

"పాలిచ్చిందా అది?"

"ఒక ఆడపిల్లకి ఇచ్చింది. కాలేజీలో చదువుతోంది."

"మరి ఎవరూ పోలేదని ఎట్లంటావు? పాలిచ్చిన రొమ్ము పోతే ఇంట్లో మనిషి పోయినట్టే. ఎన్నాళ్ళయింది?"

"పోయినేడు చలికాలం."

"మైల ఎవరు తీసినారు?"

పదిహేను నెలల్లో ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఏడ్చారు, ఎంతమంది దేవుడున్నాడని చెప్పి పోయారు. పోయిందేదో పోయిందని ఒప్పుకుని, దాని మైల తీశారా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆసుపత్రిలో కార్చని కన్నీళ్ళు ఈ కొండ మీద, గుర్రాల ముందు కారాయి. ఎవరూ తీయలేదని మొసెలాంచా తల అడ్డంగా ఊపింది.

"నీది ఏ వంశం?"

"బఫోకెంగ్."

"నా పుట్టింటోళ్ళూ బఫోకెంగే. మేనత్త వరసైతాను, నేనే తీయొచ్చు," అంది అవ్వ. ఆ తర్వాత అంతా ఆమె పెత్తనమే. నర్సుని నీళ్ళు తెమ్మంది. ఒక గుర్రపు మనిషిని క్లినిక్ దడి మీది కొండ కలబంద ఆకు కోసుకు రమ్మంది. ఆకు చితకగొట్టి నీళ్ళలో పిండి, మొసెలాంచా గుండు మీద, మచ్చ మీద, చేతుల మీద పోసి తుడిచింది. నల్ల తొడుగు తనే లాగేసి, ఆ నీళ్ళు చల్లి, మళ్ళీ తనే భుజం దాకా ఎక్కించింది. నీళ్ళు మంచుతో సమానం, మొసెలాంచా పళ్ళు టకటకలాడాయి. అవ్వ గుర్రాల వైపు తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇంక ఇది మందే."

తర్వాత చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మొసెలాంచాని పేరు అడిగింది. మొసెలాంచా చెప్పింది. అవ్వ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

"ముందే చెప్పింటే ఇన్ని నీళ్ళు దండగ అయ్యేవి కావు కదే."

గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. అప్పుడు వచ్చింది అసలు పేచీ. అవ్వ తను కూడా ఎక్కుతానంది. కొడుకు గనుల్లో ఉన్నాడు, బిడ్డకి కత్తి పెట్టాలంటే ఇంటి పెద్ద వేలిముద్ర కావాలి, పదిహేడేళ్ళ పిల్లని అడిగితే ఆసుపత్రివాళ్ళు రేపటి దాకా తాత్సారం చేస్తారు. నర్సు నిజమేనంది. తల్లి లేకుండా ఆరు రోజుల బిడ్డ కదలదు. క్లినిక్ కాటా తెచ్చి అందరినీ తూచారు. అవ్వ దుప్పటి తీయనంటే తీయనంది, దుప్పటితో కలిపి డెబ్బై ఒకటి. మొసెలాంచా తొడ మీద కాగితం పెట్టుకుని లెక్క వేసింది. ఆ ఎత్తుకి, ఆ ఎండకి, ఆ రన్‌వేకి మనుషులూ సామానూ కలిపి రెండు వందల నలభై కిలోలు మించకూడదు. మొత్తం మూడు వందల నాలుగు తేలింది. లెక్క రెండోసారి వేసింది, మళ్ళీ అంతే వచ్చింది. తలెత్తి ఖెటిసి పొట్ట వైపు చూసింది.

"ఒకరు ఆగిపోవాలి న్తాతే."

"ఎవరు?"

"నేను ఆగిపోయి మీరు నడిపినా బరువు ఎక్కువే. మీరు ఆగిపోతే సరిపోతుంది, ఇంకా నలభై కిలోలు మిగుల్తాయి."

ఖెటిసి కాగితం లాక్కుని లెక్క తనే వేశాడు. పెన్సిలు కొస రెండుసార్లు విరిగింది. అంకెలు ఆయన శిష్యురాలి పక్షమే ఉన్నాయి. సంతకం లేకుండా ఆమె ఒక్కతే జనాన్ని ఎక్కించుకుని ఎగరడానికి లేదు. ఐదో పరీక్ష ఇంకా పూర్తికాలేదు, దిగడమే చూశాను, ఎక్కడం చూడలేదు అన్నాడు, కాని ఆ గొంతులో బలం లేదు.

"ఎక్కడం కింద నిలబడి చూడండి. ఇంకా బాగా కనబడుతుంది."

ఆయన ఆమె వైపు చూశాడు. ఈసారి భుజం పక్కకి కాదు, సూటిగా, తడిసిన గుండు వైపు, నల్ల తొడుగు వైపు, మొహంలోకి. పరీక్ష కాగితం తీసి గుర్రపు జీను మీద పరిచాడు. ఆంక్షలు అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత ఆ గడి మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత కొట్టి, కింద సంతకం చేశాడు. కాగితం ఆమె చేతిలో పెట్టి, సీటు వెనకనున్న ఉన్ని టోపీ తీసుకుని తన తలకి తగిలించుకున్నాడు.

"ఇక్కడ చలిగా ఉంటుంది," అన్నాడు.

విమానం పల్లానికి పరిగెత్తింది. పులెంగ్ కళ్ళు మూసుకుంది. అవ్వ బిడ్డ మొహానికి ఆక్సిజన్ ముసుగు అదిమి పట్టుకుని, బఫోకెంగ్ వంశ పొగడ్తలు గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. ఇంజను మోతలోనూ వినబడుతున్నాయి. రన్‌వే అయిపోయింది. అయిపోయిన చోట నేల లేదు, విమానానికి ఇంకా పూర్తి వేగం రాలేదు. అక్కడ అందరూ చేసేదే ఆమే చేసింది, ముక్కు కిందికి వదిలేసి లోయలోకి పడనిచ్చింది. నది, రాళ్ళు, ఎవరిదో గొర్రెల దొడ్డి, అన్నీ పైకి లేచి వచ్చాయి. ఇప్పుడు లాగాలి. కుడి చేతికి అందేంత దూరంలోనే ట్రిమ్ చక్రం ఉంది. చూసేవాళ్ళు, రాసేవాళ్ళు పక్కన ఎవరూ లేరు. మొసెలాంచా దాని మొహం కూడా చూడలేదు. ఎడమ చేత్తో లాగింది. నరం మంటెత్తింది, మండనీ అనుకుంది. చెయ్యి ఆమెదే, మంటా ఆమెదే, విమానమూ ఆమెదే. రెక్కల కింద గాలి గట్టిపడింది, లోయ కిందికి జారిపోయింది.

ఆ సాయంత్రమే బిడ్డకి కోశారు. పేగు ముడి విప్పారు. తెల్లారేసరికి మూడు రోజుల బాకీ అంతా ఒకేసారి తీర్చి నర్సు పక్కబట్టలన్నీ పాడు చేసిందట. ఆసుపత్రి పుస్తకంలో పేరు రాయాలన్నారు. పైలట్ పేరే పెడతారని అక్కడి వాళ్ళంతా అనుకున్నారు. అవ్వ ఒప్పుకోలేదు. ఆ పేరుని మృత్యువు రెండుసార్లు విన్నది, మూడోసారి మోసపోదు అంది. బొలోకో అని రాయించింది. బొలోకో అంటే పేడ. మూడు రోజులు దానికోసమే కదా ఏడ్చింది, ఇంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది అని మొసెలాంచాతో అంటూ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున మొసెలాంచా హా ట్సెకెలోకి ఒక్కతే వెళ్ళింది. రన్‌వే పక్కన ఖెటిసి ఎవరిదో దుప్పటి కప్పుకుని, ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని నిలబడి ఉన్నాడు. రాత్రంతా ఊరివాళ్ళు పుల్లటి జొన్నంబలి తాగించి, తాగించి వదిలారట. ఆమె క్లినిక్ కాటా వైపు వేలు చూపించింది. ఆయన ఎక్కాడు. నూట అయిదున్నర. ఆమె రాసుకుంది.

విమానంలో ముందు కుడివైపు సీటు ఖాళీగానే ఉంది, పదిహేనేళ్ళుగా ఆయన పరీక్షలు పెట్టే సీటు. వెనక ప్రయాణికుల సీటు మీద మాత్రం ఆమె మసేరు నుంచి తెచ్చిన దిండు ఒకటి ఉంది, కొత్తది, రేడియో గది కుర్చీది. ఖెటిసి తలుపు పట్టుకుని ఆ రెండు సీట్లనీ చూశాడు. హాంగర్ రేకులు అదిరే ఆ పాత నవ్వు ఒక్కసారి బయటికొచ్చి, గుర్రాలు బెదిరాయి. తర్వాత ఆయన వెనక్కి ఎక్కి, దిండు మీద కూర్చుని, అందరు ప్రయాణికుల్లాగే బెల్టు బిగించుకుని, ఎప్పుడు బయల్దేరతామని పైలట్‌ని అడిగాడు.